తేనెకి ఆ సైగ వద్దు

ఆ చేతుల్ని కట్టేసింది మీరే. దారినపోయేవాళ్లెవరో కాదు. చెవిటి పిల్లల బడులు నడిపే పెద్దలు, హాస్టలు వార్డెన్లు, ముందు బెంచీలో పిల్ల చెయ్యి కదిపితే చాలు స్కేలు తీసిన టీచర్లు, "సైగలు చేస్తే నలుగురిలో నామోషీ, నోటితోనే మాట్లాడించండి" అని ఆ స్కేలుకి వంత పాడిన తల్లిదండ్రులు, మీరంతా. మాట రాని నోటితో మాట్లాడమన్నారు. మాట వచ్చిన చేతుల్ని వీపు వెనక పెట్టించారు. ఆ పిల్ల గొంతులోంచి మీకు నచ్చని చప్పుడు వస్తే దానికో పేరు కూడా తగిలించారు. తగిలించి మీ దారిన మీరు పోయారు. ఆ పేరు ఒక మనిషిని ఎన్నేళ్లు వెంటాడిందో ఒక్కరైనా వెనక్కి తిరిగి చూశారా? ఇప్పుడు చూడండి.

ఆమె పేరు పంజా.

కాగితాల మీద ఆమెకి వేరే పేరుంది. దాన్ని ఆమె ఎన్నడూ విన్నది లేదు, వినేదీ లేదు. చెవిటివాళ్లలో ఎవరి పేరు వాళ్లు పెట్టుకోరు. తోటివాళ్లు మనిషిని చూస్తారు, కంటికి ఏది ముందు కనపడితే దాన్ని చేత్తో చూపిస్తారు, అదే పేరు. బుగ్గన సొట్ట పడితే సొట్టబుగ్గ. మీసం ఉంటే మీసం. ఒకసారి పడితే పడినట్టే, ఇంక మార్చుకోవటమనే ముచ్చటే లేదు. మీసం అనే ఆయన మీసం తీసేసి చాలా ఏళ్లయింది, నెత్తి మీద జుట్టు కూడా చాలావరకు సెలవు తీసుకుంది, అయినా పైపెదవి మీద వేలితో రాస్తే ఆయనే. పేరు పెట్టే హక్కు చెవిటివాళ్లది, చెవులున్నవాళ్లకి లేదు. అది వాళ్ల కట్టుబాటు.

పంజా విషయంలో మాత్రం ఆ కట్టుబాటు ఎవరికీ తెలియకుండానే తప్పింది. చిన్నప్పుడు ఆమె నవ్వితే ఆ నవ్వు కడుపులోంచి లేచి గొంతు చీల్చుకుని వచ్చేది. తనకి వినపడదు కాబట్టి తగ్గించుకోవాలని తెలియదు. హాస్టలు వార్డెనమ్మకి వినపడేది. చెవులు మూసుకుని, తర్వాత రెండు చేతుల వేళ్లూ గోళ్లలా వంచి, నోటికి చెరో పక్కన పెట్టి, పళ్లు బయటపెట్టి చూపించేది. ఆవిడకి వచ్చిన సైగల్లో అదొకటి. పిల్లలకి అది నచ్చింది. వాళ్లలో కుళ్లేమీ లేదు. పేరు దొరికింది, పట్టుకున్నారు.

పంజా అది పులి అనుకుంది. కొన్నాళ్లు గర్వంగా తిరిగింది కూడా. ఒకరోజు అమ్మ చూడటానికి వచ్చింది. వార్డెనమ్మ అమ్మతో ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆ గోళ్లు చూపించింది. అమ్మ తల దించుకుంది. పులి అయితే అమ్మ తల దించుకోదు, అది మనిషి కాదు అడవి మృగం అనటం. అంత చిన్నపిల్లకి కూడా ఆ మాత్రం తెలిసింది. అప్పట్నించీ పంజా నవ్వు వస్తే నోరు మూసుకుని, ముక్కుతో గాలి వదిలి, అయిందనిపించేది.

పెద్దయ్యాక బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టింది. అటు వరసా ఇటు వరసా మనుషులే, ఒక్కరితోనూ మాట లేదు. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని అందరూ గుంపులుగా కూర్చుంటే పంజా కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే బస్సుల్ని చూసేది. అలా చూస్తూ చూస్తూ ముప్పై దాటింది. అప్పుడు దొరికింది ఈ పని.

పాత భవనంలో పై అంతస్తు గది. గోడకి ముడత లేకుండా బిగించిన నీలిగుడ్డ, ఎదురుగా రెండు పెద్ద లైట్లు, మధ్యలో కెమెరా. అచ్చుపుస్తకం చదవలేని చెవిటివాళ్ల కోసం పవిత్ర గ్రంథాన్ని చేతుల భాషలో చెప్పి వీడియో తీయటం అక్కడి పని. చెప్పే మనిషి పంజా. ఒంటి రంగుకి భిన్నంగా కనపడేలా నల్ల చొక్కా, వేళ్లకి ఉంగరాలు లేకుండా, గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని నీలిగుడ్డ ముందు నిలబడుతుంది. కెమెరా వెనక సొట్టబుగ్గ నిలబడి వరస తప్పకుండా ముక్క ముక్కా అందిస్తుంది. ఇద్దరూ ఒకే హాస్టల్లో పెరిగినవాళ్లే. కెమెరా మీసానిది. ముగ్గురూ చెవిటివాళ్లే. పొద్దున్నించి సాయంత్రం దాకా కబుర్లు, కొట్లాటలు, ఎకసెక్కాలు, అన్నీ చేతులతోనే. మెట్లెక్కి ఆ గదిలో అడుగుపెడితే పంజాకి మనుషులుంటారు. మెట్లు దిగితే ఉండరు. ఆ పని ఆమెకి జీతం కోసం కాదు, ఊపిరి కోసం.

ఆ రోజు ఎడారిలో బతికిన ప్రవక్త తిండి దగ్గరికి వచ్చింది కథ. మిడతలూ తేనే. పంజా రెండు వేళ్లు మడిచి అరచేతి మీద మిడతని గెంతించింది, దాన్ని పట్టింది, నోట్లో వేసుకుని కరకరా నమిలింది.

"కొంచెం కారం జల్లుకో," అంది కెమెరా వెనక నుంచి సొట్టబుగ్గ.

"నువ్వు వండితే అదీ ఎక్కువే," అంది పంజా. మళ్లీ తీయాల్సి వచ్చింది.

తర్వాత తేనె. మామూలు తేనె కాదు, దాని ముందు "అడవి" అనే మాట ఉంది. దాని సంగతి తేల్చటానికి గ్రీకు మాస్టారు వచ్చాడు. చెవులున్న మనిషే. దేవశాస్త్ర కళాశాలలో గ్రీకు చెప్పి చెప్పి రిటైరయ్యాడు. ఆయన నోటి మాటల్ని చేతుల్లోకి, వీళ్ల చేతుల మాటల్ని నోట్లోకి మార్చటానికి దుబాసీ అమ్మాయి ఉంది. చెవిటి తల్లిదండ్రులకి పుట్టిన పిల్ల, మాటల కంటే ముందు సైగలు నేర్చినది.

"మూలంలో ఆ మాట అగ్రియోస్," అన్నాడు మాస్టారు. "పొలం, బయలు అనే మాటలోంచి పుట్టింది. ఇంటి గడపకి అవతల, ఎవరూ నాటకుండా, ఎవరూ సాకకుండా, దానంతటది ఉన్నది. పెట్టెల్లో పెంచిన తేనెటీగల తేనె కాదు, ఏ రాతి సందులోనో దొరికిన తేనె."

"అందులో కోపం ఉందా? కరవటం, చీల్చటం?" అని అడిగింది పంజా.

"గ్రీకులో వేరే చోట్ల క్రూరమనే అర్థంలోనూ వాడారు. ఇక్కడ లేదు. తేనెకి కోపమేంటమ్మా?"

మాస్టారికి వ్యాకరణం అంటే ప్రాణం. ఆగమంటే ఆగడు. "ఇది విశేషణం. దానికి సొంత ఒళ్లు లేదు. ఏ నామవాచకం పక్కన నిలబడితే దాని లింగం, దాని వచనం, దాని విభక్తి తొడుక్కుంటుంది. తేనె వాళ్లకి నపుంసకలింగం, ఏకవచనం, కాబట్టి అగ్రియోన్. ఇంకోచోట సముద్రపు అలల పక్కన నిలబడితే బహువచనం, అగ్రియా."

సొట్టబుగ్గ చెయ్యి ఊపి అందరినీ తన వైపు తిప్పుకుంది. "అచ్చం మా అత్తగారింట్లో నా బతుకే. అత్త పక్కన నిలబడితే అత్త మాట, ఆడపడుచు పక్కన నిలబడితే ఆడపడుచు మాట. నాకు సొంత ఒళ్లు ఎక్కడుంది?"

దుబాసీ అమ్మాయి అది నోటితో చెప్పేసరికి మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వాడు. "వచ్చే పరీక్షకి ఇదే ఉదాహరణ రాయమ్మా," అన్నాడు.

"ఎన్ని చోట్లుంది ఆ మాట?" అన్నాడు మీసం. ఆయనకి పని అయిపోవాలి.

"కొత్త నిబంధనలో మూడే చోట్ల. రెండుసార్లు ఈ తేనె. ఒకసారి సముద్రపు అలలు."

"ఇంతోటి దానికి ఇంత చర్చా? అడవి అనటానికి సైగ మన దగ్గర రెడీగా ఉందిగా." మీసం కెమెరా వదిలి రెండు చేతుల వేళ్లూ వంచి నోటికి చెరో పక్కన పెట్టాడు.

సొట్టబుగ్గ తొడ మీద చరుచుకుంది. "ఒసేయ్ పంజా! నీ పేరు గ్రంథమెక్కిందే! ఇంక నువ్వు నేల మీద నడుస్తావా?"

పంజా నవ్వలేదు. మాస్టారి వైపు తిరిగింది. "ఆ మాట మనిషిని ఎప్పుడైనా అన్నారా?"

"తేనె దగ్గర లేదు," అన్నాడు మాస్టారు. "అలల దగ్గర... అబద్ధమెందుకు చెప్పాలమ్మా. ఆ అలల మాట ఒక ఉత్తరంలోది, అది రాసినాయన అలలని అన్నది మనుషుల్నే. సంఘంలో చొరబడి చెడగొట్టేవాళ్లని. వాళ్ల సిగ్గే నురుగై పైకొస్తుందని."

"అంటే చివరికి మనిషి దాకా వచ్చిందన్నమాట."

"వచ్చింది," అన్నాడు మాస్టారు.

పంజా గోడకి అంటించిన బొమ్మల వరస దగ్గరికి నడిచింది. ఎడారి, ప్రవక్త, మిడత. ఆ పక్కన ఖాళీ. ఆ ఖాళీ ముందు నిలబడి చేతులతో ఒక కొండ కట్టింది. కొండలో సన్నని పగులు. పగులులోకి వెళ్లే తేనెటీగలు. చుట్టూ కళ్లు తిప్పి చూసింది, ఇల్లు లేదు, కంచె లేదు, ఎవరూ లేరు. చెయ్యి లోపలికి పోనిచ్చి, కారుతున్న దాన్ని తీసుకుని, నాలుక మీద పెట్టుకుంది.

"ఇలా చేద్దాం," అంది. "తేనెకి ఆ సైగ వద్దు."

"బాగుందమ్మా," అన్నాడు మాస్టారు. "ఆ మాట చెప్పేది ఇదే."

"బాగుంది, కానీ అంత పొడుగా?" అన్నాడు మీసం. "ఒక్క మాటకి ఒక కొండ కడితే గ్రంథమంతా అయ్యేసరికి మనకి పళ్లూడతాయి."

అప్పుడొచ్చాడు మేనేజరు. చెవులున్న మనిషి. సైగలు రావు, గట్టిగా అరిస్తే చెవిటివాళ్లకి అర్థమవుతుందని గట్టి నమ్మకం. గుమ్మంలోనే అరిచాడు. "శనివారం హాల్లో ప్రదర్శన పెట్టుకుని ఇంకా తేనె దగ్గరే ఉన్నారా? బడి పిల్లలొస్తున్నారు, పెద్దలొస్తున్నారు!"

దుబాసీ అమ్మాయి గొడవేంటో చెప్పింది. "సార్, ఆ సైగ అక్క పేరు. అక్కకి ఇష్టం లేదు."

"పేరయితే ఇంకా మంచిదేగా, అందరికీ గుర్తుంటుంది! పదానికి పదం ఉండాలి. కొండలూ గుట్టలూ చూపిస్తే నా పైవాళ్లు ఒప్పుకోరు. చెయ్యలేనంటే చెప్పమను, చేసేవాళ్లని చూసుకుంటాం."

దుబాసీ అమ్మాయి చివరి వాక్యం దగ్గర తడబడింది. పంజా పూర్తి చెయ్యమని గడ్డం ఎత్తింది. ఆ అమ్మాయి పూర్తి చేసింది.

పంజాకి ఫ్యాక్టరీ కిటికీ కళ్లముందు కదిలింది. వీధిలో పోయే బస్సులు. ఆమె వెళ్లి నీలిగుడ్డ ముందు నిలబడింది. లైట్లు వెలిగాయి. వేళ్లు వంచి నోటికి చెరో పక్కన పెట్టింది, తర్వాత తేనె అంది. మొదటిసారికే సరిగ్గా వచ్చింది. మీసం బొటనవేలు ఎత్తి చూపించాడు. మాస్టారు సంచీ సర్దుకుని ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. ఆయన కూడా నోరు తెరిచి ఇంకొక్క ముక్క అనలేదు. రాసుకోండి.

ఆ సాయంత్రం పంజా ఇంటికి వెళ్లేసరికి అన్నయ్య, వదిన, వాళ్ల పిల్లలిద్దరూ, అమ్మా బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. పంజా తన కుర్చీలో కూర్చుంది. అన్నయ్య ఏదో అన్నాడు, అందరూ ఒక్కసారిగా నవ్వారు. అమ్మ కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. పంజా వదిన మోచెయ్యి తట్టి ఏమిటన్నట్టు చూసింది. వదిన చెయ్యి ఊపింది, తర్వాత చెప్తానని. మంచి మనిషే వదిన. జ్వరమొస్తే పక్కన కూర్చుంటుంది. కానీ ఆ ఇంట్లో పంజాకి రావలసిన "తర్వాత"లన్నీ కుప్పపోస్తే గది నిండిపోతుంది. చెల్లెలి భాష నేర్చుకోవటానికి అన్నయ్యకి తీరిక దొరకలేదు. ఫోనులో ఆటలు ఆడుకునే తీరిక మాత్రం దొరికింది.

అమ్మకి కొన్ని ఇంటి సైగలు వచ్చు. తిను. పడుకో. జాగ్రత్త. వద్దు. వాటితోనే కూతుర్ని పెంచి పెద్ద చేసింది. పంజా కంచం పక్కకి జరిపి అమ్మ వైపు తిరిగింది. ఆ రోజు గదిలో జరిగింది చెప్పాలనుకుంది. తేనె గురించి, మాస్టారి గురించి, సొంత ఒళ్లు లేని మాట గురించి. ఎలా చెబుతుంది? వాళ్లిద్దరి మధ్యా ఉన్న సైగల్లో తేనె కూడా లేదు. చివరికి రెండు చేతులూ ఎత్తి, వేళ్లు వంచి నోటికి చెరో పక్కన పెట్టింది. గుర్తుందా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

అమ్మకి తెలిసింది. చూసిన మరుక్షణమే తెలిసింది. బడి నుంచి అమ్మ నేర్చుకున్న సైగ అదొక్కటే. ఆమె ముఖం ఆనాటి ముఖమే అయిపోయింది, తల దిగిపోయింది. అన్నయ్య పిల్లలు ఆ గోళ్లు చూసి సంబరపడి తామూ గోళ్లు పెట్టి ఒకళ్లనొకళ్లు బెదిరించుకున్నారు. వదిన వాళ్లని కసిరింది. అమ్మ గరిటె తీసుకుని పంజా కంచంలో ఇంకొంచెం కూర వేసింది. తిను, అంది చేత్తో.

పంజా తింది. ఏం చేస్తుంది?

శనివారం మధ్యాహ్నం. హాల్లో కిటికీలకి దళసరి తెరలు దింపి గోడ మీద బొమ్మ వేశారు. వాళ్ల పనిలో ఒక పద్ధతుంది. తీసిన వీడియోని ఖాయం చేసే ముందు ఈ పనితో సంబంధం లేని చెవిటివాళ్లకి చూపించి, ఏం అర్థమైందో చెప్పమంటారు. వాళ్లకి వేరేగా అర్థమైతే మళ్లీ తీస్తారు. మంచి పద్ధతి. కానీ ఆ రోజు మేనేజరు దాన్ని పండగ చేసేశాడు. ముందు వరసలో పూలగుత్తులు పట్టుకున్న పెద్దలు, వాళ్ల పక్కన తల నెరిసిన వార్డెనమ్మ. ఇంకా ఆ హాస్టల్లోనే ఉంది. వెనక వరసల్లో బడి పిల్లలు, పంజా చదివిన బడి పిల్లలే. వాళ్ల పక్కన నడవలో పంజా నిలబడింది, వాళ్ల ముఖాలు చూడటానికి.

ప్రవక్త వచ్చాడు. మిడత గెంతింది. పిల్లలు ముక్కులు ముడిచారు. తర్వాత గోడ మీద పెద్ద పంజా, నిలువెత్తు పంజా, వేళ్లు వంచి నోటి దగ్గర పెట్టింది.

పిల్లలెవరూ తేనె చూడలేదు. అందరి తలలూ ఒక్కసారిగా వెనక్కి, ఒక పిల్ల వైపు తిరిగాయి. "నువ్వే! నువ్వే!" అని వేళ్లు చూపించారు. రెండు జడల పిల్ల, ఎనిమిదేళ్లుంటాయేమో. తన పేరు గోడ మీద అంత పెద్దగా కనపడేసరికి సంబరం ఆపుకోలేక పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉందో పంజా వినలేదు. ముందు వరసలో పెద్దలు ఉలిక్కిపడి వెనక్కి తిరగటం చూసింది, అంతే. వార్డెనమ్మ వాళ్లకి ఏదో సర్దిచెప్పి, కుర్చీలోంచే వెనక్కి తిరిగి, రెండు చేతుల వేళ్లూ వంచి, పళ్లు బయటపెట్టి ఆ పిల్లకి చూపించింది.

పంజా ఆ పిల్ల ముందు వంగి కూర్చుంది. గోడ మీది వెలుతురులో చేతులు కనపడుతున్నాయి. "నీ పేరేంటి?"

పిల్ల గోళ్లు చూపించింది.

"అంటే ఏంటో తెలుసా?"

తెలియకపోవటమేంటన్నట్టు చూసింది ఆ పిల్ల. గర్వంగా ఛాతీ విరిచింది. "పులి!"

పంజా లేచింది. నడవలోంచి నేరుగా ముందుకి నడిచి, వేదిక ఎక్కి, బొమ్మ పడుతున్న గోడకి అడ్డంగా నిలబడింది. గోడ మీది పంజా చేతులు ఆమె ముఖం మీదా చొక్కా మీదా పడ్డాయి. దుబాసీ అమ్మాయి ఎవరూ పిలవకుండానే లేచి వేదిక కింద ఆమెకి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ తర్వాత హాల్లో వాళ్లు విన్నది ఆ అమ్మాయి గొంతు, మాటలు పంజావి.

"వార్డెనమ్మా, ఆ పేరు నాకు మీరు పెట్టారు. గుర్తుందా?"

"గుర్తులేకపోవటమేంటే!" అంది వార్డెనమ్మ, పెద్దల వైపు నవ్వుతూ. "ఎంత అల్లరిదానివి! ముద్దుగా పెట్టుకున్న పేరమ్మా అది. నువ్వు వెళ్లిపోయాక బెంగపడి, నీ పేరే మళ్లీ ఇంకో పిల్లకి పెట్టుకున్నా. చూశావా, నువ్వంటే నాకెంత ఇదో."

"మరి మా అమ్మ తలెందుకు దించుకుంది?"

వార్డెనమ్మ నవ్వు ఆగింది. "ఏ అమ్మ? ఎప్పుడు?" అంది. ఆవిడకి నిజంగానే గుర్తులేదు. పెట్టినవాళ్లకి గుర్తుండదు.

"ఇన్నేళ్లు మా మధ్య ఉన్నారు. మా భాషలో మీకు వచ్చిన మాటలెన్ని? రా, పో, నోర్ముయ్యి, ఈ గోళ్లు. ఇంకేమైనా వచ్చా?"

"పెద్దదాన్ని పట్టుకుని ఇంతమందిలో ఏంటమ్మా ఇది," అంది వార్డెనమ్మ, కళ్లలో నీళ్లు తిరిగి. పక్కనున్న పెద్దమనిషి ఆవిడకి మంచినీళ్లు అందించాడు. పంజాకి ఎవరూ అందించలేదు.

మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "దిగమ్మా, దిగు! ముందు ప్రదర్శన అవనీ. ఏమున్నా తర్వాత మాట్లాడుకుందాం."

"ఇంట్లో తర్వాత. ఇక్కడ తర్వాత," అంది పంజా. "నాకు ఇప్పుడు కావాలి."

"ఇప్పుడు దిగకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు. చెప్పు ఆవిడకి," అన్నాడు మేనేజరు దుబాసీ అమ్మాయితో. ఆ అమ్మాయి చెప్పింది.

పంజా గది మనుషుల వైపు చూసింది. మీసం గోడ వారగా నిలబడి ఉన్నాడు. "దిగు," అన్నాడు. "పేరు పేరే. మార్చటం మన పద్ధతి కాదు. నువ్వు లేకపోతే పని ఆగిపోతుంది, దిగు." సొట్టబుగ్గ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. ఎప్పుడూ ఖాళీగా ఉండని చేతులు.

పంజాకి ఆ పై అంతస్తు గది గుర్తొచ్చింది. నీలిగుడ్డ, రెండు లైట్లు, కారం జల్లుకో అనే స్నేహితురాలు. సోమవారం నుంచి అవేవీ ఉండవు. ఆమె ఆ పిల్ల వైపు చూసింది. పిల్ల ఇంకా గోళ్లు దించలేదు, ఇంకా పులి అనే అనుకుంటోంది. ఎన్నాళ్లు అనుకుంటుంది? వాళ్లమ్మ చూడటానికి వచ్చేదాకా.

పంజా చేతులు ఎత్తింది. "అయితే అందరూ చూడండి. ఆ పిల్లకి..."

మేనేజరు గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకాడు.

తెరలు దళసరివి. హాలు ఒక్కసారిగా చీకటైపోయింది. దుబాసీ అమ్మాయి గొంతు వాక్యం మధ్యలో తెగిపోయింది, ఎందుకంటే ఆమెకీ చేతులు కనపడలేదు. చెవులున్నవాళ్ల నోరు నొక్కటానికి లాఠీలు కావాలి, జైళ్లు కావాలి. చెవిటిదాని నోరు నొక్కటానికి ఒక ప్లగ్గు చాలు. అరవలేదు, కొట్టలేదు, చెయ్యి కూడా వెయ్యలేదు. ఎంత మర్యాదగా పని జరిగిపోయిందో చూడండి.

హాస్టల్లో దీపాలు ఆర్పాక పిల్లలు ఒకళ్ల అరచేతిలో ఒకళ్లు మాట్లాడుకుంటారు. వెనక వరసల్లో పిల్లలు అప్పటికే పక్కవాళ్ల చేతులు వెతుక్కుంటున్నారు. చీకట్లో మాట్లాడాలంటే పక్కన ఒక చెయ్యి ఉండాలి. పంజా పక్కన ఎవరూ లేరు. అయినా ఆమె ఆపలేదు. ఆ చీకట్లో, ఎవరికీ కనపడని చేతులతో, చెప్పవలసినదంతా చివరి దాకా చెప్పింది. అక్కడ ఎవరూ చూడలేదు కాబట్టి ఆమె మాటల్ని ఇక్కడ అచ్చులో పెట్టక తప్పదు.

ఆ పిల్లకి ఆ పేరు ఈ రోజే తీసేయండి. పెద్దయ్యాక కాదు, సెలవులయ్యాక కాదు. మీసం, నువ్వే తియ్యి. పేర్లు పెట్టే హక్కు మనదని ఛాతీ విరుచుకుంటావు కదా, ఆవిడ పెట్టినదాన్ని ఇన్నేళ్లూ చేతి నుంచి చేతికి మోసింది మనం కాదా? వెళ్లి ఆ పిల్ల ఎదురుగా కూర్చో. దాని ముఖం సరిగ్గా చూడు. చూసి పేరు పెట్టు. తేనె దగ్గర ఆ సైగ చెరిపేసి మళ్లీ తీయండి, నేను లేకపోయినా ఇంకెవరితోనైనా తీయండి. సోమవారం బడి తెరవగానే స్కేళ్లు బయట పారేయండి. అదే రోజు టీచర్లూ వార్డెన్లూ పిల్లల ముందు నేల మీద కూర్చుని వాళ్ల భాష మొదటి అక్షరం నుంచి నేర్చుకోవటం మొదలుపెట్టండి. నేర్చుకోనంటే ఆ ఉద్యోగం వదిలి వెళ్లండి. అన్నయ్యా, నువ్వూ రా. అమ్మా, నువ్వూ రా, నీ పక్కన నేను కూర్చుంటాను. తర్వాత అనకండి.

ముందు లైటు వేయండి.